ఎముకను తవ్వే కణం రోగం కాదు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. మా అత్తగారికి 64 ఏళ్ళు. కార్తీక మాసంలో తెల్లవారుజామున కాలువ రేవులో దీపం వదలడానికి దిగి, మెట్టు మీద జారి, చేయి ఆన్చి పడటంతో కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశాక ఎముకల స్కాన్ తీయించారు. టీ-స్కోరు మైనస్ 2.8 ఉందని, ఎముకను తినే కణాలు ఎక్కువగా పనిచేస్తున్నాయని, వాటిని అదుపు చేయడానికి వారానికి ఒక బిళ్ళ వేసుకోవాలని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ తన ఒంట్లో ఏదో పురుగు చేరి ఎముకలను తినేస్తోందని బెంగపెట్టుకుని మంచం దిగడం లేదు. ఆ బిళ్ళ వేస్తే దవడ ఎముక పోతుందని ఇరుగుపొరుగువారు అంటున్నారు. నల్లేరు పచ్చడి తింటే చాలునంటున్నారు. రెండేళ్ళ క్రితం మా అబ్బాయికి ఏడేళ్ళప్పుడు ముంజేయి విరిగి కాస్త వంకరగా అతుక్కుంది, ఇప్పుడు ఆ వంకరే కనబడటం లేదు. వాడికి లేని ఈ తినే కణాలు ఈవిడకు ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిని పూర్తిగా చంపేసే మందు లేదా?

సమాధానం:

ముందుగా ఈ ఒక్క సంగతి మీ అత్తగారికి చదివి వినిపించండి, తక్కినదంతా తరువాత చూసుకోవచ్చు. ఆ కణాలు బయటి నుంచి వచ్చి చేరిన పురుగులు కావు, పుండు కాదు, క్యాన్సర్ అంతకన్నా కాదు. అవి ఆవిడ తల్లి కడుపులో ఉన్ననాటి నుంచి ఆవిడ ఎముకల్లో ఉన్నాయి, మీకూ ఉన్నాయి, ఇది రాస్తున్న నాకూ ఉన్నాయి. మీ అబ్బాయికి లేవని మీరు అనుకుంటున్నారు గాని, వాడి ముంజేతి వంకరను సరిచేసిన పనిలో సగం వాటిదే. విరిగిన ఎముక వంకరగా అతికినప్పుడు, బయటికి పొడుచుకు వచ్చిన పక్కన ఈ కణాలు ఎముకను కొద్దికొద్దిగా చెక్కేస్తాయి, లోపలికి నొక్కుకుపోయిన పక్కన మరొక జాతి కణాలు కొత్త ఎముకను పోస్తాయి. ఎదిగే పిల్లల్లో ఈ రెండు పనులూ చురుకుగా సాగుతాయి కనుక ఒకటి రెండేళ్ళలో వంకర సర్దుకుపోతుంది. ఎముక తన మీద పడే బరువును బట్టి తన రూపాన్ని దిద్దుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వుల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. ఆ దిద్దుబాటు చేసే చేతులు ఏవో తరువాతి కాలంలో ఒక్కొక్కటిగా తెలిశాయి.

ఎముక అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఎండిపోయిన, తెల్లని, సున్నపు ముద్ద వంటి వస్తువు. ఒంట్లో ఉన్న ఎముక అటువంటిది కాదు. దానికి రక్తనాళాలున్నాయి, నరాలున్నాయి, లోపల రక్తాన్ని తయారుచేసే మూలుగ ఉంది. దాని బరువులో మూడింట రెండు వంతుల వరకు కాల్షియం, ఫాస్ఫేటు కలిసి గట్టిపడిన ఖనిజమైతే, మిగిలినదానిలో ఎక్కువ భాగం కొలాజెన్ అనే మాంసకృత్తుతో అల్లిన నార. నార లేని ఎముక సుద్దముక్కలాగా పుటుక్కున విరుగుతుంది, ఖనిజం లేని ఎముక వెదురు దబ్బలాగా వంగిపోతుంది. (ఆ ఫాస్ఫేటును రక్తంలో కొలిచే రంగు పరీక్షను ఫిస్కే అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో మన భీమవరంలోనే పుట్టారు. ఎముకల జబ్బులకు రక్తపరీక్ష రాసిన ప్రతిసారీ ఆయన నాకు గుర్తుకు వస్తారు.) ఈ నారనూ ఖనిజాన్నీ పోసేవి, తీసేవి, కనిపెట్టుకుని ఉండేవి కణాలే. వాటిని ఒక్కొక్కటిగా తెలుసుకుంటే మీ నాలుగు సందేహాలకూ సమాధానం దొరుకుతుంది.

మన డెల్టాలో ఏటా వేసవిలో నీరు ఆపి కాలువలు కట్టేస్తారు. నీరు తీసిన తరువాత పూడిక తవ్వి పోస్తారు, గుల్లబారిన గట్టును చెక్కి కొత్త మట్టి వేస్తారు, తూములు బాగుచేస్తారు, ఆపైన సార్వా పంటకు నీరు వదులుతారు. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ కాలువలు మనకు అన్నం పెడుతున్నాయంటే, ఎప్పటికప్పుడు తవ్వి కడుతూ వచ్చినందువల్లనే. ఎముక విషయమూ ఇంతే, ఒక్క తేడాతో: ఎముకకు కాలువలు కట్టేసే కాలమంటూ వేరే లేదు. ఏ క్షణాన చూసినా పెద్దవాళ్ళ ఎముకల్లో పది లక్షల చోట్ల దాకా ఒక పక్క తవ్వకం, ఒక పక్క పూడ్పు సాగుతూనే ఉంటాయి. ఏడాదికి మన అస్థిపంజరంలో సుమారు పదో వంతు ఈ విధంగా పాతది పోయి కొత్తదవుతుంది.

తవ్వే కణం పేరు ఆస్టియోక్లాస్ట్. మీ డాక్టరుగారు తినే కణమన్నది దీనినే. ఇది ఎముక జాతిది కాదు, రక్తం జాతిది: క్రిములను మింగే తెల్లకణాలు ఏ మూలకణం నుంచి పుడతాయో ఆ వంశంలోనే మూలుగలో పుట్టి, అటువంటి కణాలు కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే పెద్ద కణంగా మారుతాయి. అందుకే దానికి ఒక కేంద్రకం కాక, ఐదు మొదలు ఇరవై దాకా కేంద్రకాలుంటాయి. అది ఎముక మీద బోర్లించిన మూకుడులా అతుక్కుని, అంచులు గట్టిగా బిగించి, ఆ మూత కింద ఆమ్లాన్ని వదులుతుంది. ఆమ్లానికి ఖనిజం కరుగుతుంది, దాని వెంట వదిలే ఎంజైములకు నార తెగుతుంది. కరిగిన కాల్షియం రక్తంలోకి చేరుతుంది. గుండె కొట్టుకోవడానికి, కండరం ముడుచుకోవడానికి రక్తంలో కాల్షియం ఒక మట్టుకు తగ్గకుండా ఉండాలి. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంది కనుక, తిండిలో లోటు వచ్చిన రోజున ఆ గాదె తలుపు తీసేది ఈ కణమే. సుమారు రెండు మూడు వారాలు ఒకచోట తవ్వి, ఆ కణాలు చచ్చిపోతాయి. ఇంత అవసరమైన పని చేసేదానికి తినే కణమని పేరు రావడం దురదృష్టం. నేను తవ్వే కణమనే అంటాను.

అది తవ్విన గుంటలో పని అందుకునేది ఆస్టియోబ్లాస్ట్. బ్లాస్ట్ అన్న మాటకు గ్రీకులో మొలక అని అర్థం. మూలుగలోనూ, ఎముకను కప్పి ఉండే పొరలోనూ ఉన్న మూలకణాల నుంచి ఇవి పుడతాయి. ఇవి ఒంటరిగా పనిచేయవు, ఊడ్పులో కూలీలు వరుసగా నిలబడినట్టు గుంట అడుగున పక్కపక్కనే చేరి, ముందు కొలాజెన్ నారను పరుస్తాయి, కొన్ని రోజుల తరువాత దానిలో కాల్షియం, ఫాస్ఫేటు చేరి గట్టిపడేట్టు చేస్తాయి. రక్తపరీక్ష కాగితంలో మీరు చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే ఎంజైములో కొంత భాగం ఈ కణాల నుంచి వచ్చినదే. తవ్వకం రెండు మూడు వారాల్లో అయిపోతే, ఆ గుంట నిండటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. తవ్వడం ఎప్పుడూ త్వరగా అవుతుంది, కట్టడం ఎప్పుడూ ఆలస్యమవుతుంది. మీ అత్తగారి కష్టం మొత్తం ఈ తేడాలోనే ఉంది.

పని ముగిశాక కట్టిన కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. కొన్ని పలచగా పరుచుకుని ఎముక పైన లైనింగ్ కణాలుగా మిగులుతాయి. ఇవి పని లేని చోట ఎముకను కప్పి ఉంచి, తవ్వకం అవసరమైన చోట తప్పుకుని దారి ఇస్తాయి. మరికొన్ని తాము పోసిన ఎముకలోనే కూరుకుపోతాయి. నా దృష్టిలో ఈ కథంతటికీ ముఖ్యులు ఆ కూరుకుపోయినవే.

వాటి పేరు ఆస్టియోసైట్లు. ఎముకలోని కణాల్లో నూటికి 90 నుంచి 95 వరకు ఇవే; ఒక లెక్క ప్రకారం ఒక మనిషి ఎముకల్లో ఇవి సుమారు 4,200 కోట్లు. తవ్వే కణం బతుకు వారాలు, కట్టే కణం బతుకు నెలలు అయితే, ఇవి ఏళ్ళ తరబడి, కొన్ని పదుల ఏళ్ళ పాటు కూడా బతుకుతాయి. ప్రతి ఒక్కటీ గట్టి ఎముకలో ఒక చిన్న గూటిలో కూర్చుని, నలువైపులా సన్నని కొమ్మలు చాచి, పక్క గూటిలోని కణం కొమ్మలను ముట్టుకుని ఉంటుంది. ఆ కొమ్మలు నడిచే సందులను శాస్త్రంలో కెనాలిక్యులై అంటారు. ఆ లాటిన్ మాటకు పిల్ల కాలువలు అని అర్థం. కోనసీమలో పుట్టిన విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె అని బోర్డు మీద గీసేవాణ్ణి. ఆ తరువాత వాళ్ళకు వేరే బొమ్మ అవసరమయ్యేది కాదు.

మా పెదనాన్నగారు కాలువ లస్కరుగా పనిచేశారు. వానాకాలం రాత్రుళ్ళు చేతిలో లాంతరుతో గట్టు వెంబడి నడుస్తూ, ఎక్కడ చెమ్మ ఊరుతోందో, ఎక్కడ ఎండ్రకాయ బొరియ గట్టును తొలుస్తోందో చూసి, గండి పడకముందే కబురు పంపేవారు. ఆయన స్వయంగా తవ్వేవారు కాదు, మట్టి మోసేవారు కాదు, కాని ఆయన కబురు లేనిదే ఆ రెండు పనులూ మొదలయ్యేవి కావు. ఆస్టియోసైట్ చేసేది అచ్చంగా ఈ పని. మనం నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఎముక కంటికి కనబడనంతగా వంగుతుంది. ఆ వంపుకు పిల్ల కాలువల్లోని ద్రవం అటూ ఇటూ కదులుతుంది, ఆ కదలికను ఈ కణం పసిగడుతుంది. బరువు పడుతున్న చోట ఎముకను ఉంచండి, పోయండి అని కబురు వెళుతుంది. వెంట్రుకవాసి పగులు వచ్చిన చోట, దాని పక్కనున్న ఆస్టియోసైట్లు చచ్చిపోతాయి, చుట్టూ ఉన్నవి తవ్వే కణాలను పిలిచి ఆ పాడైన భాగాన్ని తీయిస్తాయి. బరువే పడకపోతే ఏమవుతుంది? అప్పుడు ఈ కణాలు స్క్లెరోస్టిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి, అది కట్టే కణాల చేయి పట్టుకుని ఆపేస్తుంది. అంతరిక్షంలో బరువు తెలియకుండా తేలే వ్యోమగాములకు తుంటి ఎముక సాంద్రత నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా తగ్గేది ఇందువల్లనే. మీ అత్తగారు మంచం దిగడం లేదన్న వాక్యం చదివినప్పుడు, బిళ్ళ గురించి కన్నా నాకు దీని గురించే ఎక్కువ దిగులు కలిగింది.

ఇక ఆవిడకు ఏమైందో చూద్దాం. తవ్వే కణం తయారుకావాలంటే, కట్టే కణాలూ ఆస్టియోసైట్లూ తమ మీద చూపించే ర్యాంకెల్ అనే సంకేతం దానికి అందాలి. ఆ సంకేతాన్ని మధ్యలోనే పట్టి ఆపే మరొక పదార్థమూ ఉంది. ఆడవారి ఒంట్లోని ఈస్ట్రోజెన్ హార్మోను ఈ రెండింటి మధ్య తూకాన్ని కాపాడుతూ, తవ్వే కణాల సంఖ్యనూ ఆయుష్షునూ హద్దులో ఉంచుతుంది. ముట్లు ఆగిపోయిన తరువాత ఆ హార్మోను తగ్గిపోతుంది. తవ్వే కణాలు ఎక్కువగా పుడతాయి, ఎక్కువకాలం బతుకుతాయి, లోతుగా తవ్వుతాయి. కట్టే కణాలు పని మానవు, కాని ప్రతి గుంటలోనూ కొంచెం తక్కువ నింపుతాయి. ఆ కొంచెం కొంచెం ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి, ముట్లు ఆగిన తొలి ఐదు నుంచి ఏడేళ్ళలో కొందరిలో ఎముక సాంద్రత 20 శాతం దాకా పడిపోతుంది. మణికట్టు, వెన్నుపూసలు, తుంటి వంటి చోట్ల లోపల జల్లెడ లాంటి ఎముక ఎక్కువ, అక్కడ కణాలు పనిచేయడానికి ఉపరితలమూ ఎక్కువ, అందుకని నష్టం ముందుగా అక్కడే కనబడుతుంది. టీ-స్కోరు అంటే ఆరోగ్యంగా ఉన్న వయసువారి ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె. అది మైనస్ 2.5, అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అంటారు. మీ అత్తగారిది మైనస్ 2.8. పైగా నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగింది. కనుక మందు అవసరమని మీ డాక్టరుగారు చెప్పిన మాట సరైనది.

ఆ కణాలను పూర్తిగా చంపేసే మందు లేదా అని అడిగారు. అటువంటి మందు ఉన్నా వద్దనే చెబుతాను. పుట్టుకతోనే తవ్వే కణాలు పనిచేయని పిల్లలుంటారు. ఆ జబ్బును ఆస్టియోపెట్రోసిస్ అంటారు. ఎక్స్‌రేలో వాళ్ళ ఎముకలు తెల్లగా, దట్టంగా, పాలరాతిలా కనబడతాయి, అయినా సులువుగా విరుగుతాయి, ఎందుకంటే పాత ఎముకను తీసేవారు లేరు. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో మూలుగకు చోటు లేక రక్తం తగ్గిపోతుంది, పుర్రెలోని నరాల దారులు ఇరుకై చూపు కూడా పోవచ్చు. పూడిక తీయని కాలువ ఎన్నాళ్ళు పారుతుంది? మనకు కావలసింది తవ్వకం ఆగడం కాదు, పూడ్పు అందుకోగలిగినంత మట్టుకు నెమ్మదించడం.

వారానికోసారి వేసుకునే బిళ్ళ సాధారణంగా బిస్‌ఫాస్ఫొనేట్ తెగకు చెందినది. అందులో అలెండ్రోనేట్ 70 మి.గ్రా. బిళ్ళ ఎక్కువ వాడకంలో ఉంది. మీ చీటీలో పేరు చూసుకోండి. అది ఎముకలోని ఖనిజానికి అంటుకుని ఉంటుంది, తవ్వే కణం ఆ చోట తవ్వినప్పుడు దాని లోపలికి వెళ్ళి దానిని నీరసింపజేస్తుంది. అతిగా తవ్వే కణానికే అది ఎక్కువగా తగులుతుందన్నమాట. దానిని పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగాలి, టీ, కాఫీ, పాలతో కాదు. మింగాక కనీసం అరగంట సేపు ఏమీ తినకుండా, పడుకోకుండా కూర్చుని గాని నడుస్తూ గాని ఉండాలి, లేకపోతే అన్నవాహిక పుండు పడవచ్చు. కాల్షియం బిళ్ళను అదే పూట వేస్తే ఇది ఒంటికి పట్టదు కనుక, దానిని మధ్యాహ్నానికో రాత్రికో మార్చండి. మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పనితీరు, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూశారో లేదో డాక్టరుగారిని అడగండి.

దవడ ఎముక గురించి ఇరుగుపొరుగువారు చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే దానిని కొట్టిపారేయకుండా వివరంగా చెబుతున్నాను. ఈ తెగ మందులు వాడేవారిలో దవడ ఎముక దెబ్బతినడం ఉంది, కాని అది ముఖ్యంగా క్యాన్సర్ రోగులకు పెద్ద మోతాదుల్లో సూదిమందుగా ఇచ్చేటప్పుడు కనబడేది. వారానికో బిళ్ళ వేసుకునేవారిలో చాలా అరుదు. మీ అత్తగారికి పీకించవలసిన పుచ్చుపన్ను ఉంటే ముందే పీకించి, మాననిచ్చి, అప్పుడు బిళ్ళ మొదలుపెట్టమని డాక్టరుగారితో మాట్లాడండి. ఏళ్ళ తరబడి వాడేవారిలో అరుదుగా తొడ ఎముకలో నొప్పి వచ్చి అడ్డంగా విరగడమూ ఉంది, అందుకే సాధారణంగా ఐదేళ్ళ తరువాత మందు అవసరాన్ని మళ్ళీ బేరీజు వేస్తారు. ఈ రెండు భయాల కన్నా, మందు వేయని కారణంగా తుంటి విరిగే భయం ఆవిడ విషయంలో చాలా పెద్దది. కట్టే కణాలను పురిగొల్పే టెరిపారటైడ్ వంటి సూదిమందులూ ఉన్నాయి. వాటి అవసరం పడుతుందో లేదో వైద్యులే తేల్చాలి.

నల్లేరు పచ్చడి తినడంలో తప్పు లేదు, దురద పోయేట్టు బాగా వేయించి చేసుకోండి. అయితే దానిని మందుకు బదులుగా నమ్ముకోవద్దు. ఎముకకు తిండి కావాలంటే చోడి (రాగి) అంబలి ఉంది, వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో అంతకన్నా ఎక్కువ, గ్లాసు పాలలో 240 మి.గ్రా. దాకా, ముళ్ళతో సహా నమిలే ఎండు మెత్తళ్ళు, పెరుగు, మునగాకు సరేసరి. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1,200 మి.గ్రా. కాల్షియం కావాలని మన దేశపు పోషకాహార సిఫార్సు. అందులో తిండితో చేరగా తక్కువైనంత మట్టుకే బిళ్ళ రూపంలో వేసుకోవాలి, మోతాదు మించితే మూత్రపిండాల్లో రాళ్ళు పడవచ్చు. నారకు మాంసకృత్తులు కావాలి కనుక పప్పు, గుడ్డు మానిపించకండి.

చేతికి కట్టు ఉన్నంత మాత్రాన కాళ్ళకు సెలవు ఇవ్వనక్కర్లేదు. ఆవిడను రేపటి నుంచే లేపండి. కట్టులో నుంచి బయటికి ఉన్న వేళ్ళను గంటకోసారి ముడిచి చాపమనండి. తొలి వారం ఇంటి అరుగు నుంచి వీధి గుమ్మం దాకా, తరువాత మీ ఊరి కాలువ గట్టు మీద పొద్దుటి ఎండలో, పక్కన ఒకరు తోడుగా నడిపించండి. మోచేతుల దాకా ఎండ తగలనివ్వండి. కట్టు విప్పాక కుర్చీలో నుంచి చేతుల ఊత లేకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం నేర్పించమని ఫిజియోథెరపిస్టును అడగండి. వెన్నుపూసలు బలహీనంగా ఉండవచ్చు కనుక, నడుము వంచి నేల మీది బిందె ఎత్తడం, ముందుకు వంగి ముగ్గు వేయడం కొన్నాళ్ళు మానిపించండి. స్కాన్ మళ్ళీ ఏడాది రెండేళ్ళకు గాని అక్కర్లేదు, అదీ వీలైతే అదే యంత్రం మీద తీయిస్తేనే అంకెలను పోల్చి చూడవచ్చు.

వచ్చే కార్తీకంలో ఆవిడ మళ్ళీ దీపం వదలాలని అంటారు, వద్దనకండి. ఈలోగా ఆ రేవు మెట్ల మీది పాచి గీకించి, ఒక పక్క చేయి ఆనడానికి ఇనుప గొట్టం పాతించి, అక్కడ ఒక దీపం వేయించండి.